పికప్ ఫారంలో మూడో గీత: తెలుగు సంఘం కార్యవర్గానికి ఒక అమ్మమ్మ బహిరంగ లేఖ

కార్యవర్గ సభ్యులకు, ఆదివారం తెలుగు బడి నడిపే వలంటీర్లకు నమస్కారం.

నేను మీ సంఘంలో సభ్యురాలిని కాను. బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి విజిటర్ వీసా మీద వచ్చి, ఐదున్నర నెలలు ఉండి, పోయిన వారమే తెనాలి తిరిగొచ్చిన అమ్మమ్మను. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మీ బడిలో కూడా రెండు ఆదివారాలు పిల్లలకు వేమన పద్యాలు చెప్పాను. "మేడమ్ గారూ, ఉన్నన్నాళ్లూ మీరే చెప్పాలి" అన్నారు. మూడో వారం నుంచి నన్ను చూడగానే మీకు ఫోన్లు రావడం మొదలైంది.

ఈ ఉత్తరం మీ ఒక్కరికే రాసి ఊరుకోవచ్చు. కానీ మా ఇంటి గురించి మాట్లాడింది రెండు వందల పైచిలుకు మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో. నలుగురిలో అన్న మాటకు చాటున జవాబు చెబితే, ఏదో తప్పు చేసి సర్దిచెప్పుకుంటున్నట్టుంటుంది. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. ఇందులో పేర్లుండవు, మీవీ మావీ కూడా. మా ఇంట్లో ముగ్గురూ దీన్ని చదివి సరేనన్నాకే పంపుతున్నాను.

ముగ్గురు అన్నాను కదా, అక్కడే మొదలుపెడతాను. ఒకరు మా అమ్మాయి. ఇంకొకరు పదకొండేళ్ల కిందట తెనాలిలో మేము పిలిచి పెళ్లిచేసిన మా అల్లుడు. ఇంకొకతను మా అమ్మాయికి నాలుగేళ్లుగా తోడుగా ఉన్నవాడు. అమెరికా అతను, ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. మా అల్లుడికి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలుసు అనడం కూడా తప్పే. కూర్చుని, మాట్లాడుకుని, నెలల తరబడి తర్జనభర్జన పడి, అతనూ ఒప్పుకున్నాకే అడుగు పడింది. ఇలాంటి బంధాన్ని అక్కడ పాలీఅమరీ అంటున్నారు. అందరికీ తెలిసి, అందరూ ఒప్పుకుని, ఒకరికంటే ఎక్కువమందితో ప్రేమబంధం. గ్రీకు ముక్క ఒకటి, లాటిన్ ముక్క ఒకటి అతికించిన మాట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి 2006లో ఎక్కిందట. ఇంట్లో వాళ్లకు ఆరేళ్ల బాబు.

నాకు ఈ సంగతి చెప్పిన రోజున నేనేమీ ఆశీర్వదించలేదు. ఫోన్ పెట్టేసి మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "మా పెంపకంలో ఏం తక్కువైందే?" అని అడిగాను. అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఏడాదిన్నర పాటు ఫోన్లో వంటలూ వర్షాలూ తప్ప వేరే మాట లేదు. కాబట్టి మీరు మొహం తిప్పుకుంటే నేను అర్థం చేసుకోలేక ఈ లేఖ రాయడం లేదు. మీకంటే ముందు నేనూ తిప్పుకున్నాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం జరిగినదాని గురించి రాస్తున్నాను.

ఆ రోజు మా అమ్మాయి, నేను న్యూజెర్సీలో బంధువుల ఇంట్లో ఉన్నాం. అల్లుడికి జ్వరం. మీ బడి నుంచి బాబును తీసుకురావడానికి, రాత్రి డ్యూటీ దిగి నాలుగు గంటలు పడుకున్న ఆ మూడో అతను వెళ్లాడు. బయట మంచు. తలుపు దగ్గర మీ వలంటీరు, పిల్లల్ని ఎవరి చేతికి అప్పజెప్పాలో రాసి ఉండే పికప్ ఫారం తీసి చూసింది. అందులో రెండే గీతలు. తల్లి, తండ్రి. "మీ పేరు లేదు" అంది. మా అల్లుడు ఫోన్లో చెప్పాడు. మెయిల్ పెట్టాడు. అయినా పెద్దవాళ్లను అడగాలన్నారు. ముప్పై ఐదు నిమిషాలు. లోపల అద్దం అవతల చలికోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని వీడు. ఇవతల అతను. "బాబాయ్" అని వీడు అద్దం మీద కొడుతున్నాడు. చివరికి మా అల్లుడు నూట రెండు జ్వరంతో కారు నడుపుకుంటూ వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లాడు.

పిల్లల భద్రత కోసమే అన్నారు. సంతోషం. బడి నడిపినదాన్ని, ఎవరు పడితే వాళ్ల చేతికి పిల్లల్ని ఇవ్వకూడదని నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రమే గ్రూపులో వచ్చిన మాటలు భద్రత గురించి కావు. "ద్రౌపది గారి పుత్రుడు" అని ఒకరు. "ఏ రోజు ఎవరి వంతో" అని ఇంకొకరు, దానికి పదిహేను నవ్వు బొమ్మలు. "ఇంతకీ బిడ్డ ఎవరి పోలిక?" అని ఒకావిడ. ఆవిడకు జవాబు చెప్తాను. వీడు పుట్టేనాటికి ఆ మూడో అతను మా అమ్మాయికి పరిచయమే లేదు. కానీ ఆ లెక్క ఆవిడకు అప్పజెప్పాల్సిన అవసరం మాకు లేకపోయినా, లెక్క తేలింది కాబట్టి కొంచెం కుదుటపడతారేమోనని చెప్పాను.

ఆ మర్నాడు మీలో ఒకరు మా అమ్మాయికి ఫోన్ చేసి, కుటుంబ సభ్యత్వం రెన్యువల్‌ను "ప్రస్తుతానికి ఆపుదాం" అన్నారు. కారణం అడిగితే, "ఇది మన సంస్కృతి కాదు కదమ్మా" అన్నారు.

ఆ మాటకే నాకు మా మామయ్య గుర్తొచ్చాడు.

మా మేనత్త మొగుడికి పక్క పేటలో చిన్నిల్లు ఉండేది. దాపరికమేమీ లేదు, ఊరంతా ఎరిగినదే. సాయంత్రం ఆరు కాగానే ఉతికిన లాల్చీ వేసుకుని, సెంటు రాసుకుని బయల్దేరేవాడు. మా అత్త అన్నం మీద మూతపెట్టి అరుగు మీద కూర్చునేది. ఎవరైనా "అన్నయ్యగారు ఎక్కడికి?" అంటే "మిల్లు లెక్కలు" అనేది. అడిగినవాళ్లకూ తెలుసు, చెప్పిన అత్తకూ తెలుసు. ఆయన గుళ్లో ధర్మకర్త. పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీ ఆయనదే. 1983లో ఆయన పోయినప్పుడు ఆ రెండో ఆమె, పదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, రోడ్డుకి అవతల వేపచెట్టు కింద నిలబడింది. పొద్దున ఎనిమిది నుంచి శవం లేచే వరకు. గేటు దాటి రమ్మన్నవాళ్లు లేరు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఆ పిల్లాడికి మంచినీళ్లు ఇవ్వాలనిపించి, గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, మా నాన్న చూశాడని వెనక్కొచ్చేశాను.

అది మన సంస్కృతి కాదని ఏ సంఘమూ తీర్మానం చేయలేదు. చిన్నిల్లు అనే మాట ఎంత ముద్దుగా ఉందో చూడండి. ఏదో రెండో అంతస్తు వేసుకున్నట్టు. ఆ ఇంట్లో ఉండే ఆడదానికి మాత్రం మన భాషలో ఉన్న మాటలన్నీ తిట్లే. ఉంపుడుగత్తె దగ్గర మొదలుపెట్టి నేను రాయలేని వాటి దాకా. ఉంచుకున్న మగవాడికి ఒక్క తిట్టూ లేదు, రసికుడు అన్నారు. తెలుగు పంతులమ్మను కదా, మాటల దగ్గరే నాకు చిక్కు. బహుభార్యాత్వం, బహుభర్తృత్వం అని రెండు మాటలున్నాయి మనకు. రెండింటిలోనూ పెళ్లి ఉంది. అక్రమ సంబంధం అని ఇంకో మాటుంది, దాంట్లో మోసం ఉంది. మా అమ్మాయి ఇంట్లో రెండో పెళ్లీ లేదు, మోసమూ లేదు. అందుకని దానికి మన దగ్గర మాట లేదు. మాట లేనిదాన్ని మనం దగ్గర్లో ఉన్న తిట్టుతో పిలుస్తాం.

అదే మా అల్లుడు ఇంకో అమ్మాయితో ఉండి ఉంటే, ఆ సంగతి మా అమ్మాయి దాచిపెట్టుకుని ఉంటే, మీ గ్రూపులో నవ్వు బొమ్మలు వచ్చేవా? "పాపం, సర్దుకుపోతోంది, బంగారు తల్లి" అనేవారు. సభ్యత్వం రెన్యువల్ అయ్యేది. ఇది ఊహ కాదు. మీ సభ్యుల్లోనే అలాంటి ఇళ్లు ఉన్నాయని మీకూ తెలుసు. వాళ్ల పేర్లు చెప్పి వాళ్ల భార్యల్ని రోడ్డున పెట్టడం నాకు చేతకాదు.

"ఇది నేరం కాదా?" అని ఒకాయన అడిగారు. మంచి ప్రశ్నే, నేనూ అడిగాను మా అమ్మాయిని. రెండో పెళ్లి నేరం, అక్కడా ఇక్కడా. మన హిందూ వివాహ చట్టం 1955 నుంచీ ఆ మాట చెబుతోంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 82వ సెక్షన్, ఏడేళ్ల దాకా శిక్ష. కానీ ఆ నేరానికి రెండో పెళ్లి జరిగి ఉండాలి. ఇష్టపడి కలిసి ఉంటే అది రెండో పెళ్లి అయిపోదు. వ్యభిచారం మాటా? పాత ఇండియన్ పీనల్ కోడ్‌లోని ఆ 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. ఆ పాత సెక్షన్ ఏమనేదో ఎప్పుడైనా చదివారా? ఒకడి భార్యతో, ఆ భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాడు నేరస్థుడు. భర్త అనుమతి ఉంటే నేరమే కాదు! భార్య అనుమతి మాట ఎక్కడా లేదు. పక్కవాడి గొడ్డును అడక్కుండా తోలుకుపోయినట్టు. నూట యాభై ఏళ్లకు పైగా మనం ఆ చట్టం కింద ఉన్నాం. దాని లెక్క ప్రకారం చూసినా మా ఇంట్లో నేరం లేదన్నది వేరే సంగతి. విడాకులకు వ్యభిచారం ఇప్పటికీ కారణమే. అయితే కోర్టుకెళ్లాల్సిన భర్త, వంటింట్లో మూడో అతనికి పోపు ఎలా పెట్టాలో నేర్పిస్తున్నాడు.

గ్రీన్ కార్డు పోతుందని భయపెట్టిన పెద్దమనిషికి కూడా ఒక మాట. పౌరసత్వం ఫారంలో ఒకేసారి ఒకరికంటే ఎక్కువమందిని పెళ్లాడారా అని అడుగుతారు. వీళ్లకు జరిగింది ఒకటే పెళ్లి. ఆ పైన సందేహాలుంటే వకీలు చూసుకుంటాడు. సంక్రాంతి ముగ్గుల పోటీలు పెట్టే కమిటీ చూసుకోనక్కర్లేదు.

ఇక వాళ్లుండే ఊరి సంగతి. అక్కడ ఏళ్లుగా ఉంటున్న మీకు నేను చెప్పడం విడ్డూరమే, కానీ మీలో చాలామందికి తెలియలేదని నాకు అర్థమైంది. కోవిడ్ రోజుల్లో, పెళ్లి కాని జంటల్లో ఒకరు ఆసుపత్రి పాలైతే రెండోవారిని చూడనిస్తారో లేదోనన్న భయం వచ్చింది. సోమర్‌విల్ నగరానికి అప్పటిదాకా సహజీవన భాగస్వామ్యాల శాసనమే లేదు. 2020 జూన్‌లో ఆ ముసాయిదా తయారవుతుంటే ఒక కౌన్సిల్ సభ్యుడు "ఇద్దరే అని ఎందుకు రాశారు?" అని అడిగాడట. రాసిన సభ్యుడికి దానికి సరైన జవాబు దొరక్క, ఇద్దరు అన్నచోట వ్యక్తులు అని మార్చేశాడు. జూన్ 25న అందరూ ఒప్పుకుని ఆమోదించారు. మరుసటి ఏడాది మార్చిలో పక్కనున్న కేంబ్రిడ్జ్ కూడా అదే బాట పట్టింది. 2023 మార్చిలో సోమర్‌విల్ ఇంకో అడుగు వేసి, కుటుంబం కట్టుకున్న తీరును బట్టి వివక్ష చూపకూడదని శాసనం చేసింది. ఇదేమీ పెళ్లి కాదు, నగరం హద్దు దాటితే దానికి పెద్ద బలమూ లేదు. ఫెడరల్ పన్నులకు, వీసాలకు, బిడ్డ మీద హక్కులకు అది పనికిరాదు. అయినా ఒక నగరం ఫారంలో ఒక్క మాట మార్చింది. అదే నగరంలో బతుకుతూ మీరు ఒక గీత గీయలేకపోయారు.

ద్రౌపది మాట అన్నవారికి. 2025 జూలైలో, హిమాచల్‌లోని సిర్మౌర్ జిల్లా శిల్లాయిలో ఇద్దరు అన్నదమ్ములు ఒకే అమ్మాయిని ఊరందరి ముందూ పెళ్లాడారని పేపర్లలో చదివాం. హట్టీ తెగలో అది పాత ఆచారం, జోడీదారా అంటారు. అది వేరు, ఇది వేరు. అక్కడ మూలం భూమి. కొండ చరియల్లో ఉన్న కాస్త చెక్క అన్నదమ్ముల మధ్య ముక్కలు కాకుండా ఉండటానికి పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు. ఇక్కడ పంచుకోవడానికి భూమి లేదు, పార్కింగ్ చోటు కూడా ఒకటే. ఎవరూ ఎవరినీ కూర్చోబెట్టి ముడివేయలేదు. నచ్చకపోతే ముగ్గురిలో ఎవరైనా "నావల్ల కాదు" అని చెప్పొచ్చు, చెప్తే ఆగుతుంది. అది లేకపోతే ఈ బంధానికి ఆ పేరే లేదు.

"ఏ రోజు ఎవరి వంతు" అన్నవారికి. అవును, ఫ్రిజ్ మీద క్యాలెండర్ ఉంది. నేనూ వెళ్లిన మొదటి వారం దొంగచాటుగా చదివాను, మీ బుద్ధే నాదీ. ఆకుపచ్చలో బాబు ఈత క్లాసు. నీలంలో అతని నైట్ డ్యూటీలు. ఎరుపులో చెత్త బండి వచ్చే రోజు, మంచు ఎత్తేవాళ్ల పేరు, అల్లుడి దంతాల డాక్టరు. మా అమ్మాయి గడిలో రెండు గురువారాలకు "ఎవరూ మాట్లాడకండి, నిద్ర" అని రాసుంది. మీరు ఊహించినదానికి రంగు ఎక్కడా కనబడలేదు నాకు. ప్రతి ఆదివారం రాత్రి బాబు పడుకున్నాక ముగ్గురూ డైనింగ్ టేబుల్ దగ్గర టీ పెట్టుకుని కూర్చుంటారు. ఈ వారం ఎవరికి ఏం కష్టమైంది, ఎవరు ఎవర్ని నొప్పించారు, బాబు స్కూల్ నుంచి ఏ కాగితం వచ్చింది. గంట, గంటన్నర. నాకు ఆవులింతలు వచ్చేవి. నలభై ఏళ్ల కాపురంలో నేనూ మావారూ కలిపి అన్ని మాటలు మాట్లాడుకోలేదు, దేవుడి మీద ఒట్టు.

అసూయ ఉండదా అని అడుగుతారు. లేకేం. ఒక సాయంత్రం అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి కారు ఆపి, ఇరవై నిమిషాలైనా లోపలికి రాలేదు. నేను శాలువా కప్పుకుని వెళ్లి అద్దం మీద కొట్టాను. "ఏం లేదత్తయ్యా, కడుపులో మండుతోంది. వాళ్లిద్దరూ ఇవాళ సినిమాకెళ్లారు. అసూయే. కాసేపట్లో పోతుంది" అన్నాడు. అసూయకు పేరు పెట్టి, అత్తగారికి చెప్పిన మగవాణ్ణి నేను అదే మొదటిసారి చూడటం. పోలేదు లెండి కాసేపట్లో. ఆదివారం టేబుల్ మీదకొచ్చింది. మా అమ్మాయి ఆ వారం అంతా తనతో ఎక్కువసేపు గడిపింది. ఆ తర్వాత మూడో అతని మొహం చిన్నబోయింది. ఇదేమీ స్వర్గం కాదు, ముగ్గురు మనుషుల కాపురం. ఇద్దరి కాపురంలో ఉన్న తలనొప్పులన్నీ ఉన్నాయి, పైగా మూడో తల.

ఇంటికో వంట తెచ్చి అందరూ కలిసి తినే మీ పాట్‌లక్‌లో మా అమ్మాయి పక్క కుర్చీలో కూర్చున్న ఒకాయన్ని వాళ్లావిడ చెయ్యి పట్టుకుని లేపి తీసుకెళ్లింది. తల్లీ, నీ మొగుడికి వచ్చిన ముప్పేమీ లేదు. దానికి ఉన్న ఇద్దరితో మీటింగులకే టైం చాలట్లేదు. అందరి మీదా కన్నేస్తారన్నది ఈ బంధాల గురించి జనానికి ఉన్న అపోహల్లో కెల్లా పెద్దది. రోగాలొస్తాయన్నది దాని చెల్లెలు. టెర్రీ కాన్లీ అని మిషిగన్‌లో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త, 2012లో తన బృందంతో ప్రచురించిన పరిశోధనలో, భాగస్వామికి తెలియకుండా మోసం చేసేవాళ్లకంటే, చెప్పి ఒప్పించుకుని ఉండేవాళ్లే కండోమ్ లాంటి జాగ్రత్తలు ఎక్కువ పాటిస్తున్నారని తేలింది. నాకు అది వింతగా అనిపించలేదు. మా మామయ్య లాల్చీ జేబులో ఏ జాగ్రత్తా ఉండే అవకాశం లేదు. జాగ్రత్త తీసుకుంటే ఒప్పుకున్నట్టే కదా.

పిల్లాడి సంగతే అన్నిటికంటే నాకూ ముఖ్యం. నేను వెళ్లిందే వాడి కోసం. వాడు పాడైపోతున్నాడేమో చూద్దామని, నిజం చెప్పాలంటే వీలైతే తీసుకొచ్చేద్దామని. వాడికి అయోమయం ఏమీ లేదు. నాన్న నాన్నే. అతన్ని మొదట్లో పేరు పెట్టి పిలిచేవాడట. నాకే చెవికి ఇబ్బందిగా ఉండేది, పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవడమేమిటని. మన భాషలో మేనత్త కూతురి తోటికోడలి తమ్ముడికి కూడా వరస ఉంది, ఇతనికి లేదు. వారం ఆలోచించి "బాబాయి అను" అన్నాను. అది ఎలా వచ్చిందో నా నోటికి, నాకు తెలియదు. మా అల్లుడు ఒక్క నిమిషం ఏమీ అనలేదు, తర్వాత "బానే ఉంది అత్తయ్యా, తమ్ముడు లేని లోటు తీరింది" అన్నాడు. మీ బడిలో టీచరమ్మ "తెల్ల బాబాయా!" అని నవ్వితే, ఆవిడ ఎందుకు నవ్వుతుందో తెలియక వీడూ నవ్వాడు. వాడికి "తలనుండు విషము ఫణికిని" పద్యం వచ్చు. ఆ బాబాయికీ వచ్చు, రాత్రి పడుకోబెడుతూ వాడి చేత చెప్పించుకుని చెప్పించుకుని. ఫణికిని అనడం మాత్రం అతనికి ఈ జన్మకు రాదు.

ఎలిజబెత్ షెఫ్ అనే సమాజశాస్త్రవేత్త 1990ల నుంచీ ఇలాంటి కుటుంబాల్లో పెరిగే పిల్లల్ని ఏళ్ల తరబడి కలిసి మాట్లాడింది. పిల్లలకు ఈ ఇళ్లలో ఎక్కువగా కనబడేది తల్లిదండ్రుల ప్రేమ జీవితం కాదు, బండి నడిపి తీసుకెళ్లేవాళ్లు, లెక్కలు చెప్పేవాళ్లు ఇంకొకరు ఉండటం అని ఆమె రాసింది. కష్టాలూ రాసింది. అలవాటైన పెద్ద మనిషి విడిపోయి వెళ్లిపోతే పిల్లలు బెంగపడతారు. బయటివాళ్ల చిన్నచూపు గుచ్చుకుంటుంది. ఆమెతో మాట్లాడినవాళ్లు ఎక్కువగా చదువుకున్న తెల్లవాళ్లు, కాబట్టి అది అందరికీ అతికేది కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రెండు కష్టాల్లో మొదటిది విడాకులైన ప్రతి ఇంట్లోనూ ఉంది. రెండోది మీ చేతిలో ఉంది.

మొదటిది నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. రేపు అతనూ మా అమ్మాయీ విడిపోతే? నాలుగేళ్లు జ్వరాలకు రాత్రంతా మేలుకున్నవాడికి, వీడిని చూసే హక్కు కాగితం మీద ఏముంది? కాలిఫోర్నియాలో 2013లో చేసిన చట్టం ప్రకారం, కాదంటే బిడ్డకు నష్టం జరిగే పరిస్థితుల్లో, ఇద్దరికంటే ఎక్కువమందిని తల్లిదండ్రులుగా కోర్టు గుర్తించవచ్చు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కోర్టు 2018లో ఒక తల్లినీ, ఆమెతో ఉంటున్న ఇద్దరు మగవాళ్లనూ, ముగ్గుర్నీ ఆ బిడ్డకు చట్టబద్ధమైన తల్లిదండ్రులుగా ప్రకటించింది. వీళ్లకు అలాంటిదేమీ లేదు. ముగ్గురూ వీలునామాలు రాసుకున్నారు, ఆసుపత్రి కాగితాలు రాసుకున్నారు, అంతే. ఈ విషయంలో నా భయం తీరలేదు, తీరినట్టు నటించను. నాకు ఈ ఏర్పాటు నచ్చిందా అని అడిగితే, మా తరానికి అది మింగుడుపడే ముద్ద కాదనే చెప్తాను. ముద్ద గొంతులో ఉన్నా, పక్కవాడి కంచంలో ఉమ్మేయకూడదు కదా.

ఇంకొక సంగతి, మీరు నిజంగా పట్టించుకోవాల్సినది. ఈ కొత్త పేరు అడ్డం పెట్టుకుని పాత పని చేసేవాళ్లు వస్తారు. వచ్చారు కూడా. డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయి, పేరు మీద బ్యాంకు ఖాతా లేదు, కారు లేదు, దగ్గర్లో నా అన్నవాళ్లు లేరు. మొగుడు వచ్చి "ఇప్పుడంతా ఇదే, నువ్వు పల్లెటూరిదానివి" అని ఇంకో ఆమెను ఇంట్లోకి తెస్తే, ఈ పిల్ల తలూపుతుంది. అది ఒప్పుకోవడం కాదు, గతిలేకపోవడం. కాదనగలిగే దారి ఉన్న మనిషి అవునంటేనే అది అవును. మా అమ్మాయికి ఉద్యోగం ఉంది, మా అల్లుడికి ఉంది, అతనికీ ఉంది. ఎవరు తలుపు తీసుకుని వెళ్లిపోయినా మరునాడు అన్నానికి లోటు లేదు. తేడా ఎక్కడుందో చూడాలంటే మనుషుల లెక్క కాదు, ఆ తలుపు చూడండి. అలా ఇరుక్కున్న అమ్మాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు మీ సంఘంలో ఎవరైనా ఉన్నారా? సంస్కృతిని కాపాడే సరదా ఉంటే ఒక ఫోన్ నంబరు పెట్టండి ముందు.

నేనడిగేది మాత్రం అంత పెద్దదేం కాదు. మా అమ్మాయి ఇంటిని మెచ్చుకోమనట్లేదు, వేదిక మీద శాలువా కప్పమనట్లేదు. కుటుంబ సభ్యత్వం ఫారంలో భార్య, భర్త, పిల్లలు అన్నచోట "ఇంట్లో ఉండే పెద్దలు, పిల్లలు" అని రాయండి. పికప్ ఫారంలో తల్లి, తండ్రి అన్న రెండు గీతల కింద "బిడ్డను అప్పజెప్పదగినవారు" అని ఇంకో మూడు గీతలు గీయండి. తల్లిదండ్రులు సంతకం పెట్టి ఎవరి పేరు రాస్తే వాళ్లు. మీ బడిలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఒక తల్లి రెండో గీత ఖాళీగా ఉంచి ఫారం ఇవ్వడం నేను చూశాను. విడాకులైన ఒకతను "తల్లి" దగ్గర పెన్ను ఆపి చాలాసేపు నిలబడటం చూశాను. ఈ గీతలు మా ఒక్కరికే కాదు.

భద్రత కోసమే ఆపామన్నారు కదా, ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ ఫారంలో నా పేరూ లేదు. నవంబరులో రెండుసార్లు, జనవరిలో ఒకసారి నేను ఒక్కదాన్నే వచ్చి బాబును తీసుకెళ్లాను. ఎవరూ ఏమీ అడగలేదు. చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, "మా మనవడండీ" అన్నాను, చెయ్యి పట్టించి పంపించారు. ఒకమ్మాయి మెట్ల దాకా వచ్చి గొడుగు కూడా పట్టింది.

బాబు ఐదు వారాలుగా బడికి రావట్లేదు. ఈ ఆదివారం నుంచి మళ్లీ పంపమన్నాను. నేను తెనాలిలో ఉన్నాను, మా అమ్మాయి ఆ రోజు ఊళ్లో ఉండదు, పన్నెండున్నరకు వచ్చేది బాబాయే. అల్లుడు ఫారం వెనక్కి తిప్పి, అతని పేరు, ఫోన్ నంబరు రాసి, సంతకం చేసి మెయిల్ పెడతాడు. వాడి చలికోటు జిప్పు కింద దగ్గర ఇరుక్కుంటుంది, కాస్త చూసి వేసి పంపమనండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
తెనాలి